కంచరి గుమ్మం ముందు ఉప్పు వోలేరో

వోలేరో ట్రెబియస్ గొంతు ఎలాంటిదో రోమా నగరంలోని అవెంటైన్ కొండ మీద ఎవరినడిగినా చెబుతారు. కింద సందు మొదట్లో గాడిదను ఆపి "ఉప్పో" అన్నాడంటే, పై సందులో ఆడవాళ్లు అప్పటికే గిన్నెలు పట్టుకుని గడప దాటేవాళ్లు. నిద్రపోయే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. తల్లులు తిట్టుకుంటూనే అతని దగ్గరే ఉప్పు కొనేవారు, ఎందుకంటే తడి ఉప్పును పొడి ఉప్పని అంటగట్టడం అతనికి చేతకాదు. మనిషి మంచివాడే. నోరే ఊరుకోదు. అన్యాయమని తోస్తే ఎదుటివాడు ఎంతటివాడో చూడడు, ముందు అరిచేసి తర్వాత ఆలోచిస్తాడు. ఆ గుణం వల్ల పడాల్సిన పాట్లన్నీ పడ్డాడు, అయినా మానుకోలేదు.

అతని తండ్రి ఒకప్పుడు బానిస. ఒక ఉన్ని వ్యాపారి ఇంట్లో సగం జీవితం గొడ్డుచాకిరీ చేశాడు. ఆ వ్యాపారి మంచాన పడ్డాక, మన ఆచారం ప్రకారమే, అయిదుగురు పౌరులను సాక్షులుగా నిలబెట్టి, ఇంకొకరి చేత తక్కెడ పట్టించి, కంచు ముక్కతో తక్కెడను తాకించి తన ఆస్తి ఎవరికి చెందాలో, ఎవరికి స్వేచ్ఛ ఇస్తున్నాడో పైకి పలికాడు. వోలేరో తండ్రి ఆ పలుకుతోనే మనిషయ్యాడు, పౌరుడయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, కొడుకును కన్నాడు. ఒక్క మాట మీద నిలబడిన కుటుంబం అది.

అందుకే ఆ తండ్రికి చట్టమంటే ప్రాణం. ఊరి నడుమ సభాస్థలమైన ఫోరంలో కంచు పలకల మీద చెక్కిన పన్నెండు పలకల చట్టాన్ని ఆయన చదవలేడు, చదువు లేదు. ఎవరో చదువుతుంటే విని విని కంఠస్థం చేశాడు. సాయంత్రం గాడిద ఒళ్లు తోముతూ కొడుకు చేత వల్లె వేయించేవాడు. పిల్లవాడు తప్పు పలికితే అదే గుడ్డతో వీపు మీద ఒక్కటి తగిలించేవాడు.

"ఒరే, నన్ను మనిషిని చేసింది దొర మంచితనం కాదురా. ఆయనకంటే మంచివాళ్లు బోలెడుమంది బానిసల్ని బానిసలుగానే ఉంచి పోయారు. ఆయన నోట్లోంచి మాట బయటికొచ్చింది, నలుగురూ విన్నారు, మళ్లీ లోపలికి తోసెయ్యడం ఎవడి వల్లా కాలేదు. అదీ చట్టమంటే," అనేవాడు.

తండ్రి పోయాక గాడిద, గొంతు, ఆ పన్నెండు పలకలు వోలేరోకు దక్కాయి. పెటీలియా అనే పిల్లను పెళ్లి చేసుకున్నాడు. ఆమె తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడిందంటే మొగుడి నోరు మూతపడుతుంది. ఇద్దరికీ బాగానే కుదిరింది.

సిసిలీలో కార్తేజి వాళ్లతో యుద్ధం సాగుతున్న రోజులవి. ఎండాకాలం చివర్లో ఒక ఉదయం, వోలేరో గాడిదను తోలుకుని కొండ దిగుతుంటే ఒక ఆడమనిషి పరుగున వచ్చి గాడిద పగ్గం గట్టిగా పట్టుకుంది. మిర్తో. ముసలి ప్లెటోరియస్ ఇంట్లో వంటచేసే బానిస. టరెంటం పట్టణం మనవాళ్ల చేతిలో పడినప్పుడు చిన్నపిల్లగా పట్టుబడి ఇక్కడికి వచ్చింది. ఏళ్ల తరబడి వోలేరో దగ్గర ఉప్పు కొంటోంది, ఎప్పుడూ నవ్వుతూ బేరమాడేది. ఆ రోజు ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"అన్నా, నన్ను అమ్మడానికి బేరం కుదిర్చారు. రేపు టైబరు నది అవతలికి తీసుకుపోతారంట."

"ఎవరమ్ముతున్నారు? మీ ముసలాయన పోయాడు గదా."

"ఆయన తమ్ముడి కొడుకు. సెర్వియస్. ఇల్లూ ఉతుకుడు కొట్టమూ పొలమూ అన్నీ ఇప్పుడు ఆయనవే. కాని అన్నా, ముసలాయన నాకు స్వేచ్ఛ ఇచ్చాడు. నా చెవులతో నేను విన్నాను. చలికాలంలో ఆయన వీలునామా చెప్పిన రోజు సాక్షులకి వేడినీళ్లూ ద్రాక్షసారా పట్టుకెళ్లాను. నేను గదిలో అడుగుపెట్టేసరికి 'నా దాసి మిర్తో స్వతంత్రురాలగుగాక' అంటున్నాడు. ఆయన నన్ను చూసి బయటికి పొమ్మని సైగ చేశాడు. అంతే విన్నాను. తర్వాత కొద్దిరోజులకే పోయాడు. సెర్వియస్‌ను అడిగితే, కలగన్నావు, పోయి కూర వండు అన్నాడు."

వోలేరోకు ఒళ్లు మండిపోయింది. అతనికి మిర్తో మీద జాలి కలగడం తర్వాత సంగతి. నలుగురి ముందు బయటికొచ్చిన మాటను ఎవడో మళ్లీ లోపలికి తోస్తున్నాడు, ముందు అది తట్టుకోలేకపోయాడు. అలాంటి పని తన తండ్రి విషయంలో జరిగి ఉంటే తను ఈ రోజు ఎవడి గోడకింద కట్టెలు కొడుతూ ఉండేవాడో.

"బానిస తన కేసు తను చెప్పుకోలేదు. పౌరుడొకడు నీ తరఫున నిలబడి నువ్వు స్వతంత్రురాలివని చెప్పాలి. నేనున్నాను పద," అని అక్కడికక్కడే గాడిదను వెనక్కి తిప్పాడు. ఆ రోజు కింద సందువాళ్లకు ఉప్పు లేకుండా పోయింది.

ప్రీటరు, అంటే ఆ ఏటి పెద్ద న్యాయాధికారి, ఫోరంలో దంతపు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. సెర్వియస్‌ను పిలిపించారు. వోలేరో ఆచారం ప్రకారం కర్ర అందుకుని మిర్తో భుజానికి తాకించి, ఈమె స్వతంత్రురాలని నేనంటున్నాను అన్నాడు. సెర్వియస్ తన కర్ర తాకించి, ఈమె నా సొత్తని నేనంటున్నాను అన్నాడు. ఇద్దరి మాటా విన్న ప్రీటరు, తీర్పు తేలేదాకా ఈమెను స్వతంత్రురాలిగానే చూడాలన్నాడు. అది ప్రీటరు దయ కాదు. పన్నెండు పలకల్లో ఉన్నదే. తీర్పు చెప్పడానికి పదిమంది తీర్పరులు వచ్చే సంతరోజున కూర్చుంటారని, అప్పటికి సాక్ష్యం తెచ్చుకోవాలని చెప్పి పంపించాడు.

సెర్వియస్ వెనకాల కుర్చీ మోస్తూ పాకియస్ ఉన్నాడు. కుర్రతనంలో సామ్నైట్ కొండజాతివాళ్లతో యుద్ధంలో పట్టుబడిన ముసలివాడు, ఆ ఇంట్లో అందరికంటే పాత బానిస. దొర ఎక్కడికి వెళితే మడతకుర్చీ పట్టుకుని అక్కడికి వెళ్లడం ఇప్పుడు అతని పని. వెళుతూ వెళుతూ వోలేరో పక్కన ఆగాడు.

"ఏం ఉప్పయ్యా, గాడిదకి గడ్డి వేశావా? దాన్నొదిలేసి ఇక్కడ చట్టాలు వల్లిస్తున్నావు."

"నీకెందుకు తాతా."

"నాకేం? ఒసే మిర్తో, నీకంటే ముందునుంచీ ఆ ఇంట్లో పడున్నాను. స్వేచ్ఛ ఇచ్చేవాడైతే ఆ ముసలోడు ముందు నాకియ్యడూ? పిచ్చి కలలు మానుకుని వచ్చి పొయ్యి రాజెయ్యి." పాకియస్ నవ్వాడు. నవ్వినంతసేపూ కుర్చీని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుంటూనే ఉన్నాడు.

వోలేరో మిర్తోను తన ఇంటికి తీసుకొచ్చాడు. పెటీలియా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"పొద్దున ఉప్పుకని పోయి మనిషిని తెచ్చావా?"

"తీర్పయ్యేదాకా మనింట్లోనే ఉంటుందే."

"ఉంటే ఉంటుంది. సాక్షులున్నారా, లేక నీ గొంతేనా సాక్ష్యం?"

అక్కడే చిక్కుంది. అయిదుగురు సాక్షుల్లో ముగ్గురు సైన్యంతో సిసిలీకి పోయారు. ఒకడు వసంతకాలంలో జ్వరంతో పోయాడు. అయిదోవాడు సెర్వియస్ బావమరిది. ఇక మిగిలింది తక్కెడ పట్టినవాడు, కంచరి హోస్టియస్. ఆ పేటలో ఎవరు ఎద్దును అమ్మినా, పొలం కొన్నా, వీలునామా చెప్పినా తక్కెడ పట్టుకుని నిలబడేది అతనే. ఆయన తక్కెడ పట్టాడంటే ఇక ఆ మాటకు తిరుగులేదని పేటంతా అనుకునేది. అతను కూడా అలాగే అనుకుని ఛాతీ విరుచుకుని తిరిగేవాడు.

వోలేరో ధీమాగా అతని కొట్టుకు వెళ్లాడు. హోస్టియస్ కంచు గిన్నెకు నొక్కులు తీస్తున్నాడు. తలెత్తలేదు.

"హోస్టియస్ మావా, సంతరోజున ఫోరానికి రావాలి. మిర్తో విషయం. ముసలాయన ఏమన్నాడో అది చెబితే చాలు."

"నాకు పనుంది."

"పనెవరికి లేదు? చెప్పేది రెండు ముక్కలు."

"నేను ప్లెటోరియస్ వాళ్ల నీడన బతికేవాణ్ని వోలేరో. మా నాన్న వాళ్లనే ఆశ్రయించాడు, నేనూ వాళ్లనే ఆశ్రయించాను. పోషకుడికి ఎదురు సాక్ష్యం చెప్పడం మన ఇళ్లల్లో లేదు. నీకు తెలుసు." అని లేచి, వోలేరోను గుమ్మం బయటికి నడిపించి, తలుపేసుకున్నాడు.

ఇంకొకడైతే ఇంటికి పోయి ఏడ్చేవాడు. మన ఉప్పువాడికి మాత్రం లోపల్నుంచి హుషారు పుట్టుకొచ్చింది. ఎందుకంటే దీనికీ చట్టం ఉంది, అది అతని గొంతు కోసమే రాసినట్టు ఉంది. సాక్షి రానంటే, కావలసినవాడు రోజు విడిచి రోజు వాడి గుమ్మం ముందుకు పోయి కేకలు పెట్టవచ్చు. నాయకులను, భటులను పిలవక్కర్లేదు. అరిస్తే చాలు.

"చూశావటే, ఆ పెద్దలు చట్టం చేసేటప్పుడు నన్ను మనసులో పెట్టుకున్నారు," అన్నాడు పెళ్లాంతో.

"నీ గొంతు వినుంటే వద్దనుకునేవాళ్లు," అంది పెటీలియా జావ గిన్నె ముందు పెడుతూ.

మొదటిరోజు వోలేరో పొద్దున్నే శుభ్రంగా ఉతికిన పౌరవస్త్రం టోగా చుట్టుకుని కంచరి గుమ్మం ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"హోస్టియస్, నువ్వు తక్కెడ పట్టావు. ముసలి ప్లెటోరియస్ మాట నువ్వు విన్నావు. బయటికొచ్చి చెప్పు."

సందులో కుక్కలన్నీ లేచాయి. ఎదురింటి మేడ మీద కిటికీ తెరుచుకుంది. ఉప్పని గిన్నె పట్టుకుని వచ్చిన ఒకామె సంగతి తెలుసుకుని గిన్నె బోర్లించి దాని మీదే కూర్చుని వినసాగింది. వోలేరో ఆ మూడు మాటలనే తిప్పి తిప్పి అరిచాడు. లోపల సుత్తి చప్పుడు ముందు ఆగింది. తర్వాత కోపంగా ఇంకా గట్టిగా మొదలైంది. వీళ్లిద్దరి పోటీతో మధ్యాహ్నం దాకా ఆ సందులో ఎవరికీ ఏమీ వినపడలేదు. ఇంటికొచ్చి వోలేరో తేనె కలిపిన వేడినీళ్లు తాగుతూ మిర్తోతో, "వచ్చేస్తాడమ్మా, రాక ఎక్కడికి పోతాడు," అన్నాడు.

రెండోసారి వెళ్లేసరికి సందులో జనం ముందే కాచుకుని ఉన్నారు. ఎవరో శనగలు వేయించి తెచ్చుకున్నారు. వోలేరో ఇంకా రెండు అరుపులు అరవకముందే, ఒక రైతు ఎద్దును తోలుకుని కొన్నవాడితో కలిసి కంచరి కొట్టు దగ్గరికి వచ్చాడు. అమ్మకానికి తక్కెడ పట్టమని అడగడానికి వచ్చిన మనిషి. జరుగుతున్నది కాసేపు విన్నాడు. కొన్నవాడి చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ ఎద్దును వెనక్కి తిప్పి వేరే పేటకు పోయారు. తలుపు సందులోంచి హోస్టియస్ అది చూశాడు. కోపం పట్టలేక తలుపు తీసి, చెంబెడు నీళ్లు వోలేరో ముఖాన కొట్టి మళ్లీ వేసుకున్నాడు. జనం విరగబడి నవ్వారు. వోలేరో ముఖం తుడుచుకుని, "ఎండగా ఉంది మావా, మంచిపని చేశావు," అని మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ రాత్రి మాత్రం అతను రోజులు లెక్కపెట్టుకున్నాడు. వచ్చే విడత పోతే మర్నాడే సంత, తీర్పు. మిర్తో ఏమీ అడగడం లేదు. ఇంటిపనంతా తనే మీదేసుకుని చేస్తోంది. తెల్లారితే ఇక్కడ ఉండనేమో అన్నట్టు ఇల్లంతా కడుగుతోంది. అది చూస్తే అతనికి అరుపుకంటే పెద్ద కోపం వచ్చింది.

"ఎల్లుండి వాడి పని పడతాను," అన్నాడు. "చట్టంలో చివరి మాట ఉంది. సాక్షిగా నిలబడినవాడుగాని తక్కెడ పట్టినవాడుగాని నోరు విప్పకపోతే, వాడు ఇక జన్మలో ఎవరికీ సాక్షి కాడు, వాడికీ ఎవరూ సాక్షి కారు. పదిమంది ముందు ఆ మాట వాడి గుమ్మం మీద పలికి వస్తాను. వీలునామా చెప్పుకోలేడు. గాడిదను కొనలేడు. ఛాతీ విరుచుకుని తిరగడం అంతటితో సరి."

మూడోసారి అతను వెళుతుంటే పెటీలియా కూడా వెనకాలే బయల్దేరింది. సందు నిండిపోయి ఉంది. వోలేరో గుమ్మం ముందు నిలబడి, టోగా అంచు భుజం మీదికి విసిరి, కుడిచెయ్యి పైకెత్తాడు. "పౌరులారా, మీరు సాక్షులు. ఈ హోస్టియస్ తక్కెడ పట్టి, నోరు..."

వెనకనుంచి టోగాను ఎవరో పట్టి గుంజారు. పడబోయి ఆగాడు. పెటీలియా.

"ఆగు. వీణ్ని సాక్ష్యానికి పనికిరానివాణ్ని చేస్తావు, సరే. రేపు తీర్పులో ఎవడు చెబుతాడయ్యా సాక్ష్యం?"

వోలేరో నోరు తెరిచే ఉంది.

"పనికిరానివాడని ఈ రోజు నువ్వే పదిమందిలో ముద్రేస్తే, రేపు వాడు పరిగెత్తుకుంటూ వచ్చి నిజం చెప్పినా ఎవరూ వినరు. ఆ పిల్లను నీ చేత్తో నువ్వే సెర్వియస్‌కి అప్పగించినట్టు. చిన్నప్పట్నుంచీ వల్లించావు గదా, ఆ ముక్క తట్టలేదా?"

తట్టలేదు. ఎన్నో సాయంత్రాలు గాడిద పక్కన నిలబడి ఆ వాక్యం పలికాడు. అది శత్రువును కొట్టే కర్ర అనుకున్నాడే తప్ప, అదే కర్ర తన కాలి మీద పడుతుందని ఏనాడూ అనుకోలేదు. ఇంకో రెండు మాటలు బయటికొచ్చి ఉంటే మిర్తో బతుకు అక్కడితో ఆఖరు. నోట్లోంచి వచ్చిన మాట మళ్లీ లోపలికి పోదని అతనికంటే బాగా తెలిసినవాడెవడు? ఎత్తిన చెయ్యి దించాడు.

"ఏం ఉప్పయ్యా, గొంతు పోయిందా?" అన్నారెవరో. జనం నవ్వారు.

వోలేరో వాళ్ల వైపు చూడలేదు. వెళ్లి గుమ్మం మెట్టు మీద కూర్చుని, తలుపుకు దగ్గరగా జరిగాడు. అంత చిన్న గొంతుతో అతను మాట్లాడటం ఆ పేటలో ఎవరూ విని ఎరగరు.

"మావా, అరవను. నేనేం అనబోయానో విన్నావు గదా. అననులే."

లోపల సుత్తి ఆగింది.

"నా అరుపులకి నువ్వు రావని నాకు ముందే తెలియాల్సింది. వీధంతా చూస్తుంటే ఎవడొస్తాడు? తప్పు నాదే. ఒక్కటి అడుగుతాను. పోషకుడికి ఎదురు చెప్పకూడదన్నావు, నిజమే. మరి ఆ రోజు గదిలో మాట్లాడింది ఎవరు? మీ నాన్న ఎవర్ని ఆశ్రయించాడు? సెర్వియస్‌నా?"

వోలేరో తలుపు సందుకు ఇంకా దగ్గరగా వంగాడు.

"ముసలాయన చచ్చిపోయాడు. ఆయన మాటకి ఇక నోరు లేదు, నీ నోరు తప్ప. ఆయన మాటని నొక్కేస్తే ఎదురు తిరిగింది ఎవరికి మావా?"

తలుపు వెనకనుంచి హోస్టియస్ గొంతు వినిపించింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"నీకు ఒక ముక్క కావాలి వోలేరో. నేను నోరు విప్పితే మొత్తం చెప్పాలి. తక్కెడ పట్టినవాడు సగం చెప్పి సగం మింగకూడదు."

"మొత్తం చెప్పు. వద్దన్నదెవరు?"

"ఈ కొట్టు సెర్వియస్‌ది."

"కొట్టు ఆయనదే. మాట ఎవరిది?"

మళ్లీ సుత్తి చప్పుడు మొదలైంది. నెమ్మదిగా, దెబ్బ దెబ్బకీ మధ్య ఎంతో ఎడం ఇస్తూ. పెటీలియా వచ్చి మొగుడి చెయ్యి పట్టుకుని లేపింది. వస్తాడో రాడో ఇద్దరికీ తెలియలేదు. దారిలో ఆమె, "బాగా మాట్లాడావు," అంది. అలా అనడం ఆమెకు అలవాటు లేదు.

సంతరోజు ఫోరం కిటకిటలాడుతోంది. ఒక పక్క క్యాబేజీలు, కోళ్లు, జున్ను. ఇంకో పక్క ప్రీటరు ఆసనం, పక్కన బల్లల మీద పదిమంది తీర్పరులు. మిర్తో పెటీలియా ముసుగు కప్పుకుని నిలబడింది.

"అన్నా, ఒకవేళ ఆయన రాకపోతే..."

"వస్తాడు."

"రాకపోతే పారిపోనులే. నీకు చెడ్డపేరు రానివ్వను. ఇన్నాళ్లు మీ ఇంట్లో మనిషిలా ఉన్నాను, అది చాలు."

"చాలదు," అన్నాడు వోలేరో. గొంతు గట్టిగానే ఉంది.

సెర్వియస్ చక్కగా మాట్లాడాడు. పెదనాన్న తనను వారసుణ్ని చేశాడని, బానిసల పేరు ఎత్తనేలేదని, వంటమనిషి మాట పట్టుకుని ఉప్పువాడు ఊరంతా గోల చేస్తున్నాడని అన్నాడు. అతని వెనక పాకియస్ మడతకుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. పెదవి వాచి ఉంది. మొన్న పొలంలో ధాన్యం బస్తా జారవిడిచినందుకు దొర చేత తిన్న దెబ్బ అది.

"ట్రెబియస్, నీ సాక్షి ఎక్కడ?" అన్నాడు తీర్పరుల్లో పెద్దాయన.

వోలేరో జనంలోకి చూశాడు. కోళ్ల బుట్టలు పక్కకు జరుగుతున్నాయి. ఉతికిన టోగా, నున్నగా గీసిన గడ్డం, చేతిలో తళతళలాడే కంచు తక్కెడ. హోస్టియస్ ఎవరి వైపూ చూడకుండా వచ్చి నిలబడ్డాడు. సెర్వియస్ ముఖం నల్లబడింది.

"జూపిటర్ మీద ప్రమాణం. నేను తక్కెడ పట్టాను. ప్లెటోరియస్ పలికిన మాటలు ఇవి. ఒకటి కలపను, ఒకటి తీయను." హోస్టియస్ కళ్లు మూసుకున్నాడు. "'నా తమ్ముడి కొడుకు సెర్వియస్ నాకు వారసుడగుగాక. నా దాసి మిర్తో స్వతంత్రురాలగుగాక. నా దాసుడు పాకియస్ స్వతంత్రుడగుగాక. ఇలా చెబుతున్నాను, ఇలా ఇస్తున్నాను, పౌరులారా, మీరు నాకు సాక్షులు.'"

"చిత్తం దొరా," అన్నాడు పాకియస్.

పేరు చెవిన పడితే పలకడం, ఒక అడుగు ముందుకు వేయడం అతనికి ఒంటికి పట్టిపోయిన అలవాటు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తర్వాత ఒకరొకరుగా నవ్వు ఆపేశారు.

"నిన్ను పిలవలేదు తాతా," అన్నాడు హోస్టియస్ కళ్లు తెరిచి. "నీ గురించి చెప్పాను. నువ్వప్పుడు పొలంలో ఆలివ్‌లు ఏరుతున్నావు. నువ్వొచ్చాక తనే చెబుతానన్నాడు ముసలాయన. ఈలోగానే పోయాడు."

పెద్దాయన సెర్వియస్ బావమరిదిని ముందుకు రమ్మన్నాడు. నువ్వూ సాక్షివే గదా, ఈ మాటలు విన్నావా లేదా అన్నాడు. కాదంటే కంచరి మాట ఎదురుగా ఉంది, మాట్లాడకపోతే చట్టం చివరి మాట నెత్తిమీద ఉంది. బావమరిది నేల చూపులు చూస్తూ, "విన్నాను," అన్నాడు.

పదిమందీ ఎక్కువసేపు గుసగుసలాడలేదు. మిర్తో స్వతంత్రురాలు అన్నారు. ఆమె పెటీలియా భుజం మీద తలపెట్టి ఏడ్చింది. పెటీలియా కూడా ఏడ్చింది, తర్వాత అడిగితే కాదంది.

వోలేరో అటు చూడలేదు. కర్ర చేతిలో పట్టుకుని పాకియస్ దగ్గరికి నడిచాడు. "ఈ మనిషి స్వతంత్రుడని నేనంటున్నాను," అని ముసలివాడి భుజానికి తాకించాడు. సెర్వియస్ చేతిలోనూ కర్ర ఉంది. అది లేవలేదు. ప్రీటరు కాసేపు చూసి, ఎవరూ అడ్డు చెప్పడం లేదు కనుక ఇతనూ స్వతంత్రుడే అన్నాడు.

పాకియస్ కదల్లేదు. కుర్చీ ఇంకా చంకలోనే ఉంది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"ముసలాయన కన్నుమూసి, సెర్వియస్ ఆస్తి చేపట్టిన రోజునుంచి," అన్నాడు హోస్టియస్.

"అంటే వసంతమంతా. ఎండాకాలమంతా." పాకియస్ చేత్తో వాచిన పెదవి తడుముకున్నాడు. "మరి మొన్న నన్ను కొట్టాడు గదా, ఉప్పయ్యా. అది ఎవర్ని కొట్టినట్టు?"

వోలేరో జవాబు చెప్పాడు. నదిలో పడవలవాళ్లు కూడా విన్నారంటారు ఆ గొంతు.

"రోమా పౌరుణ్ణి."